బ్రూకింగ్ చిత్రాల్లో గాలి ఎటు వీస్తోంది?

సముద్ర చిత్రం ముందు నిలబడ్డప్పుడు మొట్టమొదట జెండా చూడాలి. తర్వాత తెరచాప, తర్వాత అల, చివరికి మబ్బు. ఈ నాలుగూ ఒకే గాలికి లోబడి ఉన్నాయా లేదా అన్నది తేలితే, వేసినవాడికి ఓడ తెలుసో, ఓడ బొమ్మ మాత్రమే తెలుసో తేలిపోతుంది. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో సముద్ర చిత్రాలకు గిరాకీ బాగా ఉండేది, వేసేవాళ్లూ చాలామందే ఉండేవారు. ఈ పరీక్షకు నిలబడేవాళ్లు మాత్రం కొద్దిమందే. ఆ కొద్దిమందిలో మొదట చెప్పాల్సిన పేరు చార్లెస్ బ్రూకింగ్ (1723–1759). ముప్పై ఆరేళ్లు నిండీ నిండకుండానే క్షయ వ్యాధితో పోయాడు. బతికుండగా లండన్‌లో చాలామందికి ఆయన చిత్రాలు తెలుసుగానీ ఆయన పేరు తెలియదు.

ఇంగ్లండులో ఈ కళ పుట్టిందే పరాయివాళ్ల చేతుల్లో. 1672–73 చలికాలంలో హాలండ్ నుంచి విల్లెమ్ వాన్ డె వెల్డె అనే తండ్రి, అదే పేరున్న కొడుకు లండన్ చేరారు. రెండో చార్లెస్ రాజు 1674లో ఇద్దరికీ ఏడాదికి చెరో 100 పౌన్ల జీతం కట్టాడు. పని పంపకం కూడా ఉత్తర్వులోనే ఉంది: తండ్రి నౌకాయుద్ధాల రేఖాచిత్రాలు గీయాలి, కొడుకు వాటికి రంగులు వేయాలి. గ్రీనిచ్‌లోని క్వీన్స్ హౌస్‌లో వాళ్లకు గది ఇచ్చారు. తండ్రి చిన్న పడవలో యుద్ధం దగ్గరికే వెళ్లి కాగితం మీద గీసుకొచ్చేవాడు. 1707లో కొడుకు పోయేనాటికి, ఆ ఇంట్లో పుట్టిన పద్ధతే ఇంగ్లిష్ సముద్ర చిత్రానికి వ్యాకరణం అయిపోయింది.

తర్వాతి తరంలో పెద్ద పేరు పీటర్ మోనమీది (1681–1749). గెర్న్‌సీ దీవి మూలాలున్న కుటుంబం. 1696లో ఏడేళ్ల ఒప్పందం మీద ఇళ్లకు రంగులు వేసే పనిలో శిష్యుడిగా చేరాడు. రంగు నూరడం, నూనె పాళ్లు, పలక సిద్ధం చేయడం అక్కడే పట్టుబడ్డాయి. అందుకే మోనమీ సామగ్రి గట్టిది, పూత శుభ్రంగా ఉంటుంది. ఓడల అమరిక మాత్రం చాలాచోట్ల వాన్ డె వెల్డెల దగ్గర అప్పు తెచ్చుకున్నదే. నిశ్చలమైన నీళ్లు, సాయంత్రం తుపాకీ పేలుస్తున్న యుద్ధనౌక, పక్కన చిన్న పడవలు. ఇది ఆయన పదేపదే వేసిన మూస. కొన్నవాళ్లు అదే అడిగారు. ఇప్పటికీ వేలంపాటల్లో ఆ కాలపు సంతకం లేని సముద్ర చిత్రం కనిపిస్తే మోనమీ పేరు తగిలించేయడం పరిపాటి. ఆయన అసలు పనిని అంచనా వేయడానికి ఇది పెద్ద అడ్డంకి.

అదే కాలంలో శామ్యూల్ స్కాట్ మరో దారి పట్టాడు. జార్జ్ లాంబర్ట్‌తో కలిసి 1730ల మొదట్లో ఈస్టిండియా కంపెనీ లండన్ కార్యాలయం కోసం ఆరు చిత్రాలు వేశాడు. లాంబర్ట్ నేల భాగం వేస్తే స్కాట్ ఓడలు వేశాడు. ఆరింటిలో ఒకటి చెన్నపట్నం సెయింట్ జార్జి కోట. తెలుగు నేలకు దగ్గరగా వచ్చే తొలి ఇంగ్లిష్ సముద్ర చిత్రాల్లో దాన్ని లెక్కించాలి.

బ్రూకింగ్ దగ్గరికొస్తే, ఆయన డెప్ట్‌ఫర్డ్ రేవులో పెరిగాడని తొలితరం కళాచరిత్రకారులు రాశారు. డెప్ట్‌ఫర్డ్ థేమ్స్ నది దక్షిణపు ఒడ్డున ఉన్న రాజనౌకా నిర్మాణశాల, 1513లో మొదలైంది. ఓడ కట్టడం, మరమ్మతు, మోకులు బిగించడం, తెరచాపలు కుట్టడం అన్నీ ఒకే ఆవరణలో జరిగేచోటు. అలాంటిచోట పెరిగిన కుర్రాడికి మోకు ఎక్కడ మొదలై ఎక్కడ ముడిపడుతుందో ఒకరు నేర్పక్కర్లేదు. 1740 నాటి ఒక జంట చిత్రాల మీద పదిహేడేళ్ల వయసు అని తనే రాసుకున్నాడు. పుట్టిన సంవత్సరాన్ని లెక్కగట్టింది దాని ఆధారంగానే.

ఆయనకు బతుకుతెరువు దొరికింది లెస్టర్ స్క్వేర్ ప్రాంతపు చిత్రాల వర్తకుల దగ్గర. ఈ సంగతి కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే ఆయన పేరు ఎందుకు మరుగున పడిందో ఇక్కడే ఉంది. లండన్‌లో చిత్రకారులు తమ పనిని జనం ముందు పెట్టే మొదటి బహిరంగ ప్రదర్శన జరిగింది 1760లో. రాయల్ అకాడమీ వచ్చింది 1768లో. బ్రూకింగ్ చనిపోయింది 1759 మార్చిలో. అంటే ఆయన బతికినన్నాళ్లూ కొనేవాడికీ వేసేవాడికీ మధ్య దుకాణం కిటికీ తప్ప మరో దారి లేదు. ఆ కిటికీ వర్తకుడి చేతిలో ఉంది. పేరు బయటపడితే కొనేవాడు నేరుగా చిత్రకారుడి ఇంటికే పోతాడు. కాబట్టి బ్రూకింగ్ సంతకం చేసి ఇచ్చిన చిత్రాన్ని కిటికీలో పెట్టేముందు వర్తకుడు సంతకం చెరిపేసేవాడు.

ఒకరోజు బ్రూకింగ్ చిత్రం తెచ్చేసరికి వర్తకుడు దుకాణంలో లేడు. అతని భార్య తీసుకుని, సంతకం తుడవకుండానే కిటికీలో పెట్టింది. ఫౌండ్లింగ్ హాస్పిటల్ కోశాధికారి టేలర్ వైట్ అంతకుముందే ఆ దుకాణంలో ఇలాంటి చిత్రాలు చూసి పేరు అడిగాడు, వర్తకుడు చెప్పలేదు. ఈసారి పేరు కళ్లముందే ఉంది. పత్రికలో ప్రకటన ఇచ్చి చిత్రకారుణ్ని పిలిపించుకున్నాడు. బ్రూకింగ్ చనిపోయిన దాదాపు యాభై ఏళ్లకు అచ్చయిన కథ ఇది. వివరాలు కాస్త మెరుగుపెట్టి ఉండొచ్చు. కానీ దాని ఫలితం గోడ మీద వేలాడుతూనే ఉంది.

ఫౌండ్లింగ్ హాస్పిటల్ అంటే తల్లిదండ్రులు వదిలేసిన పసిపిల్లల ఆశ్రమం. థామస్ కోరమ్ అనే నావికుడు 1739లో రాజశాసనం సంపాదించి నెలకొల్పాడు. హోగార్త్ లాంటి చిత్రకారులు చిత్రాలు దానం చేయడంతో లండన్‌లో జనం వచ్చి సమకాలీన చిత్రాలు చూడగలిగిన మొదటి చోట్లలో అదొకటైంది. అక్కడ అప్పటికే మోనమీది పెద్ద సముద్ర చిత్రం ఉంది. దానికి జోడీగా 1754లో బ్రూకింగ్ ఒక పెద్ద చిత్రం వేశాడు: గాలివాలున, తక్కువ తెరచాపలతో సాగుతున్న సేనాని నౌక. పద్దెనిమిది రోజుల్లో పూర్తిచేశాడని చెబుతారు. అదే ఏడాది ఆయన్ని సంస్థ పాలకవర్గంలోకి తీసుకున్నారు.

పద్దెనిమిది రోజులన్న మాట నూనె రంగుల పని తెలిసినవారికి వెంటనే తడుతుంది. అవిసె నూనెలో కలిపిన సీసపు తెలుపు చేతికి అంటనంతగా ఆరడానికి రెండు నుంచి నాలుగు రోజులు పడుతుంది. ఆకాశం తడిగా ఉండగా దానిమీద సన్నటి నల్లగీత గీస్తే కుంచె కింది తెలుపును లాక్కుంటుంది, మోకు బూడిదరంగు మరకైపోతుంది. కాబట్టి వరుస తప్పకూడదు. ముందు ఆకాశం, అది ఆరేలోగా కింద సముద్రం. తర్వాత ఓడ పొట్ట, తర్వాత తెరచాపలు, అవి ఆరాక మోకులు, చిట్టచివర జెండాలు. మోకులకు పొడవైన సన్నని వెంట్రుకల కుంచె కావాలి. ఇంగ్లండులో ఆ కుంచెను ఇప్పటికీ రిగ్గర్ అంటారు, ఓడ మోకులు గీయడానికి వాడినందువల్ల వచ్చిన పేరది. ఈ లెక్కన పద్దెనిమిది రోజుల్లో పెద్ద కాన్వాసు ముగించడమంటే మొదటి రోజుకే ఓడ ఎక్కడ, గాలి ఎక్కడ అన్నది తేలిపోయి ఉండాలి. మధ్యలో ఓడ స్థానం మార్చుకునే వెసులుబాటు లేదు.

ఇక ఆ గాలి సంగతి. వెనకనుంచి గాలి వీస్తే ఓడ ఒరగదు, అటూ ఇటూ ఊగుతుంది. కొయ్యల మీది జెండాలు ముందుకు, అంటే ఓడ పోయే దిక్కుకే ఎగరాలి. ఇక్కడే చాలామంది తప్పుచేస్తారు. బండిమీద పోతున్నప్పుడు కొంగు వెనక్కి ఎగిరినట్టు ఓడ జెండాను కూడా వెనక్కి ఎగరేస్తారు. తెరచాప ఓడ గాలికన్నా వేగంగా గాలివాలున పోలేదు కాబట్టి అది జరగని పని. ఇంకాస్త సూక్ష్మం ఉంది. గాలి 12 నాట్ల వేగంతో వెనకనుంచి వీస్తూ ఓడ 5 నాట్ల మీద పోతుంటే, జెండాకు తగిలే గాలి 7 నాట్లే. నీళ్లమీద నురగ గట్టిగా లేచినా జెండా కాస్త సోలినట్టే ఉండాలి. తెలిసినవాడి చేతిలో జెండా మడతలు బరువుగా ఉంటాయి, తెలియనివాడి చేతిలో పలకలాగా బిగుసుకుపోతాయి.

గాలి పక్కనుంచి వస్తే లెక్క మారుతుంది. ఓడ వేగం కలిసి జెండాకు గాలి కాస్త ముందునుంచి వస్తున్నట్టవుతుంది, జెండా కాస్త వెనక్కి వంగుతుంది. ఎదురుగాలికి ఆ కాలపు చతురస్రపు తెరచాపల ఓడ ఆరు పాయింట్లకన్నా దగ్గరగా పోలేదు. దిక్సూచిలో 32 పాయింట్లు, ఒక్కోటి 11.25 డిగ్రీలు. ఆరు అంటే 67.5 డిగ్రీలు. చిత్రంలో తెరచాపలు నిండుగా ఉండి, గాలి అణియానికి ముప్పై డిగ్రీల్లోనే ఉన్నట్టు జెండా చెబితే ఆ ఓడ కదలదు, తెరచాపలు కొయ్యకు అంటుకుపోయి వెనక్కి తోస్తాయి. (ఓడ ముందుభాగాన్ని అణియం, వెనకభాగాన్ని అమరం అనడం మన తీరపు పడవవాళ్లకు అలవాటైన మాటే.) బ్రూకింగ్ ఓడల్లో ఇలాంటి అసాధ్యం కనిపించదు. ఓడను ఒకచోట ఆపి ఉంచాలంటే నడిమి కొయ్య తెరచాపను ఎదురు తిప్పుతారు. అలా ఆగిన ఓడను వేసినప్పుడు మిగతా తెరచాపలు లాగుతున్నట్టు, అదొక్కటే కొయ్యకు అదిమినట్టు ఉండాలి. ఆ ఒక్క బట్ట సరిగ్గా పడితే ఓడ మొత్తం బతికొస్తుంది.

గాలి ఒక్కటే అన్నాం కదా అని మబ్బుల్ని అదే కోణంలో లాగేస్తే అదీ తప్పే. ఉత్తరార్ధగోళంలో పైకి పోయేకొద్దీ గాలి కుడివైపుకు తిరుగుతుంది, సముద్రం మీద మామూలుగా పది పదిహేను డిగ్రీలు. నీటిలోనూ ఈ తేడా ఉంటుంది. అప్పటి గాలి లేపిన చిన్న అలలు గాలివాలున పోతాయి, ముందురోజు గాలి మిగిల్చిన పెద్ద కెరటం అడ్డంగా రావచ్చు. థేమ్స్ ముఖద్వారంలో పోటుపాట్ల మధ్య ఎత్తు తేడా ఐదు మీటర్ల దాకా ఉంటుంది. విశాఖ తీరంలో రెండు మీటర్లకు మించదు కాబట్టి మన కంటికి ఆ ప్రవాహపు బలం ఊహకు అందదు. పాటు నీరు ఒకవైపు, గాలి ఎదురుగా వస్తే అలలు పొట్టిగా, నిటారుగా, దగ్గరదగ్గరగా లేస్తాయి. లంగరేసిన ఓడ గాలికి కాదు, ముందు ప్రవాహానికే తల తిప్పుతుంది. అందుకే అక్కడ లంగరు మీదున్న ఓడ జెండా పక్కకు ఎగురుతుంటే అది తప్పు కాదు, చూసి వేసినదనడానికి గుర్తు.

కంటికి తేలిగ్గా దొరికే మరో పరీక్ష దిగంతరేఖ. చూసేవాడి కన్ను నీటికి మూడు మీటర్ల ఎత్తులో ఉంటే, చిత్రంలో దగ్గరి ఓడను, దూరపు ఓడను, చేపల పడవను దిగంతరేఖ నీటినుంచి మూడు మీటర్ల ఎత్తులోనే కోయాలి. పడవ కొయ్య మధ్యలో కోస్తే, పెద్ద నౌకలో కింది ఫిరంగి కిటికీలకు కాస్త పైన కోస్తుంది. ఈ సూత్రం తప్పితే ఓడలు ఒకే సముద్రం మీద ఉన్నట్టు అనిపించదు, ఒకటి నీళ్లలోంచి పైకి లేచినట్టు, మరొకటి గుంటలో పడ్డట్టు ఉంటుంది. వేర్వేరు రేఖాచిత్రాలనుంచి ఓడలు ఏరి తెచ్చి ఒకే కాన్వాసులో కూర్చినప్పుడు జరిగేది ఇదే. మూడు మీటర్ల ఎత్తునుంచి దిగంతం ఆరు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అంతకు దూరంగా ఉన్న ఓడ పొట్ట కింది భాగం నీళ్లచాటుకు పోవాలి. బ్రూకింగ్ దిగంతాన్ని కిందికే ఉంచాడు, కాన్వాసులో ఎక్కువ భాగం ఆకాశానికే ఇచ్చాడు.

రంగు విషయంలో ఆయన పొదుపరి. ఇంగ్లిష్ ఛానల్ నీరు నీలం కాదు, ఒండ్రు కలిసిన పచ్చటి బూడిదరంగు. తెరచాప కూడా తెలుపు కాదు, అవిసె నార బట్ట, వాడేకొద్దీ మట్టిచాయ తిరుగుతుంది. చేపల పడవల తెరచాపలు ఓక్ చెట్టు బెరడు కషాయంలో ముంచినవి, అందుకే గోధుమరంగు. నీటిమీద మబ్బు నీడ పట్టెలు పట్టెలుగా పడి, ఒకచోట వెలుగు తగిలిన తెరచాప నల్లమబ్బు మీద మెరుస్తుంది, పక్కనే నీడలోని తెరచాప తెల్లటి ఆకాశం మీద ముదురుగా నిలుస్తుంది. ఈ ఎత్తు డచ్చివాళ్లదే. దాన్ని ఛానల్ వెండిరంగు వెలుగులోకి దించడం బ్రూకింగ్ సొంతం. ఆయన్ను వాన్ డె వెల్డెల అనుచరుడిగా తీసిపారేయడం అందుకే అన్యాయమైన తీర్పు.

చిత్రం కాలాన్ని తేల్చడానికి కొన్ని గట్టి ఆనవాళ్లున్నాయి. ఇంగ్లిష్ ఎర్రజెండా మూలలో 1707కు ముందు సెయింట్ జార్జి ఎర్రశిలువ ఒక్కటే, ఆ తర్వాత యూనియన్ జెండా. ఆ యూనియన్ జెండాలో ఐర్లండ్ ఎర్ర వాలుశిలువ చేరింది 1801లో, కాబట్టి అది కనిపిస్తే బ్రూకింగ్ పేరు వెంటనే కొట్టేయొచ్చు. సేనాని హోదా జెండా ఎగిరే కొయ్యను బట్టి తెలుస్తుంది: అడ్మిరల్‌ది నడిమి కొయ్య, వైస్ అడ్మిరల్‌ది ముందు కొయ్య, రియర్ అడ్మిరల్‌ది వెనక కొయ్య. ఒరిగిన ఓడ అడుగుభాగం మరో సాక్షి. ఇంగ్లిష్ నౌకాదళం మొదటిసారి ఓడ అడుగుకు రాగిరేకు తొడిగింది 1761లో. బ్రూకింగ్ కాలంలో అక్కడ కొవ్వు, గంధకం, గుగ్గిలం కలిపిన తెల్లటి పూత ఉండేది. రాగిరంగు అడుగున్న ఓడ ఆయన చేతిది అయ్యే అవకాశం లేదు.

వీటన్నిటికీ ముందు మోకులు ఎలా ఉన్నాయో చూడాలి, ఎందుకంటే చెడేది అవే. కొయ్యను నిలబెట్టే లావు మోకులకు తారు పూస్తారు, నల్లగా ఉంటాయి. తెరచాపను లాగి తిప్పే సన్న మోకులు లేత గోధుమరంగు. బ్రూకింగ్ ఈ రెంటినీ లావులోనూ రంగులోనూ వేరుచేస్తాడు, గాలి ఒత్తిడి ఉన్నవైపు మోకు బిగుసుకుని, చాటువైపుది కొద్దిగా వేలాడుతుంది. ఈ గీతలన్నీ ఆరిన ఆకాశం మీద పల్చటి పొరగా ఉన్నవి. పాత వార్నిష్ తీయడానికి గట్టి ద్రావకం వాడితే వార్నిష్‌తోపాటు ఇవీ లేచిపోతాయి. తర్వాత ఎవరో మళ్లీ గీస్తారు. ఓడ తెలియనివాడు గీస్తే అన్నీ ఒకే నలుపు, ఒకే లావు, ఒకే బిగువు. తెరచాప కొసనుంచి బయల్దేరిన మోకు ఎక్కడా ముడిపడకుండా గాల్లో ఆగిపోతుంది. నకిలీ కాని చిత్రం కూడా ఇలా పాడై నకిలీలా కనిపిస్తుంది. అందుకే మోకు తప్పు కనిపించగానే చిత్రాన్ని తోసిపుచ్చకుండా, ఓడ పొట్టనూ నీటినీ విడిగా పరీక్షించాలి.

బ్రూకింగ్ చూపు ఎంత నిక్కచ్చిదో తెలిపే సాక్ష్యం చిత్రాల బయట కూడా ఉంది. ప్రకృతి పరిశోధకుడు జాన్ ఎల్లిస్ 1752 ఆగస్టులో ఆయన్ని షెప్పీ దీవికి తీసుకెళ్లి, సముద్రపు నాచులా కనిపించే సన్నటి జీవులను సూక్ష్మదర్శినిలో చూపించి బొమ్మలు గీయించాడు. అవి మొక్కలు కావు, జంతువులని వాదిస్తూ ఎల్లిస్ 1755లో పుస్తకం వేశాడు. చూసిన దాన్ని చూసినట్టు గీసే చేయి కావలసివచ్చినప్పుడు ఓడల చిత్రకారుణ్ని పిలిచాడన్నమాట.

చివరి రోజుల్లో ఆయన కుటుంబానికి మిగిలింది పేదరికమే. పని మాత్రం ఆగలేదు. ఆయన దగ్గర నేర్చుకున్న డొమినిక్ సెర్రెస్ 1768లో రాయల్ అకాడమీ స్థాపక సభ్యుల్లో ఒకడయ్యాడు. బ్రూకింగ్ చిత్రాలు నేడు గ్రీనిచ్‌లోని జాతీయ నౌకా మ్యూజియంలో, అమెరికాలో యేల్ బ్రిటిష్ కళా కేంద్రంలో ఉన్నాయి. 1754 నాటి పెద్ద చిత్రం లండన్ బ్రన్స్‌విక్ స్క్వేర్‌లో ఫౌండ్లింగ్ మ్యూజియందే. వీటిలో గాలి ఉధృతంగా ఉన్నవాటికన్నా గాలి పడిపోయిన చిన్న చిత్రాల దగ్గర ఎక్కువసేపు నిలబడటం మంచిది. అక్కడ జెండా కొయ్యకు వేలాడుతుంది, తెరచాప ఆరేసిన దుప్పటిలా మడతలు పడుతుంది. నీడ నీళ్లలో తలకిందుల బొమ్మలా ఉండదు. మనవైపు వాలిన కొయ్య నీడ పొడవుగా, అటువైపు వాలినదాని నీడ పొట్టిగా పడుతుంది. దూరాన ఎక్కడో ఒక చిన్న గాలిపొర నీటి అద్దాన్ని గీకినట్టు ముదురు గీత ఉంటే, ఆ ఓడకు గాలి ఎటునుంచి రాబోతోందో అది చెబుతుంది.